అమ్మకానికి లేని నూనె

తుపాకీ మోతతో తెల్లవారుతుంది. అక్టోబరు నెల. మాల్టా దీవి ఉత్తరాన వర్దీయ కొండమీద గడ్డి ఇంకా తడితడిగానే ఉంది. కింద బుర్మర్రాద్ లోయలో ఎక్కడో ఒక పేలుడు, కాస్త ఆగి ఇంకొకటి. మీరు ఉలిక్కిపడతారు. వల పరుస్తున్న పెద్దాయన తలెత్తకుండానే అంటాడు: "మనమీద కాదులెండి, పిట్టలమీద." ఐరోపా నుంచి ఆఫ్రికాకి వలసపోయే పక్షులు ఈ దీవి మీదుగా ఎగిరే కాలం ఇది. పొలం గట్టున రాళ్లు పేర్చుకుని వాటి చాటున నక్కి కూర్చునే వేటగాళ్లకి పండగ రోజులు. ఒలీవ కోతా ఇప్పుడే. ఒకరి జోలికి ఒకరు పోరు. అప్పుడప్పుడు వలలో కాయలతో పాటు ఖాళీ తూటా గొట్టం ఒకటి దొరుకుతుంది, అంతే.

"ఆ కొస పట్టుకోండి," అంటుంది పెద్దాయన కూతురు. ఆకుపచ్చ నైలాన్ వల. చెట్టు మొదలుకి అటొకటి ఇటొకటి రెండు పరిచి, అతుకు దగ్గర ఒకదానిమీద ఇంకొకటి వచ్చేలా లాగాలి. పల్లం వైపు అంచు కింద రాళ్లు పెట్టి ఎత్తు చేయాలి. లేకపోతే రాలిన కాయ దొర్లుకుంటూ కింది మడిలోకి, అంటే పరాయి పొలంలోకి పోతుంది. తర్వాత మీ చేతికి ఒక ప్లాస్టిక్ దువ్వెన ఇస్తారు. అరచేతి వెడల్పు, దూరదూరంగా పళ్లు. ఎడమచేత్తో కొమ్మ వంచి, పైనుంచి కిందికి దువ్వాలి. టపటపమని కాయలు వలమీద పడతాయి. మొదటి పావుగంట సరదాగానే ఉంటుంది. ఆ తర్వాత మెడ పట్టేస్తుంది.

కాయని దగ్గరగా చూస్తే మీకు కాస్త నిరాశ. సూపర్ మార్కెట్ సీసాల్లో నిగనిగలాడే స్పెయిన్ కాయలు చూసిన కళ్లకి ఇది ఆనదు. వాటిలో సగం కూడా లేదు. ఒక పక్క పచ్చ, ఒక పక్క ఊదా, నొక్కితే గట్టిగా ఉంది. మీరొకటి తుడిచి నోట్లో వేసుకోబోతారు. కూతురు వద్దనదు, దువ్వడం ఆపి చూస్తూ నిలబడుతుంది. కొరికిన మరుక్షణమే తెలుస్తుంది ఎందుకు చూసిందో. నాలుక మీద మొదలైన చేదు దవడల్లోకి, అక్కణ్ణుంచి చెవుల దాకా పాకుతుంది. ఒలియురోపిన్ అనే పదార్థం చేసే పని అది. ఉప్పునీళ్లలో వారాల తరబడి ఊరితేగానీ ఒలీవ కాయ నోటికి పనికిరాదు. నీళ్ల సీసా అందిస్తూ, "మెలా, ఇప్పుడు మీరు మావాళ్లయ్యారు," అంటుందావిడ. మన నోట్లో 'మరి' ఎన్నిసార్లు దొర్లుతుందో, మాల్టావాళ్ల నోట్లో 'మెలా' అన్నిసార్లు దొర్లుతుంది.

ఈ రకం పేరు బిద్ని. లోయ అవతలి బిద్నీయ అనే చిన్న పల్లె పేరుమీద వచ్చింది. పచ్చడి కాయ కాదు, నూనె కాయ. ఒలీవ ఈగ దీన్ని అంతగా పట్టదని పెంచేవాళ్లు గొప్పగా చెబుతారు. ఆ ఈగ కాయ తొక్కకి బెజ్జం చేసి లోపల గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు గుజ్జు తింటుంది. అలాంటి కాయ ఆడిస్తే నూనెలో ఆమ్లం పెరిగి మురుగు వాసన వేస్తుంది. ఇటలీ రకాలు నాటుకున్నవాళ్లు వేసవంతా చెట్టు చెట్టుకీ పసుపు జిగురట్టలు వేలాడదీసి కాపలా కాస్తుంటే, బిద్ని నాటినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారట. బిద్ని నాటినవాళ్లు చెప్పే మాట ఇది. ఇటలీ రకాల వాళ్లని అడిగితే, "మాది ఒక్కో కాయ వాళ్ల కాయలు రెండు," అంటారు.

పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. నడుం ఎత్తి చూస్తే ఉత్తరాన సెయింట్ పాల్స్ బే, దాని ముఖద్వారంలో చెట్టూ చేమా లేని రెండు బోడి తిప్పలు. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం చదివినవాళ్లకి ఈ చోటు కొత్త కాదు. ఖైదీగా రోముకి పోతున్న పౌలు ఓడ పగిలి ఒడ్డుకి చేరిన మెలితే ద్వీపం ఇదే. ఆ తిప్పల దగ్గరే ఓడ పగిలిందని ఇక్కడివాళ్ల నమ్మకం. "మీ దేశంలో ఒలీవ చెట్లున్నాయా?" అని పెద్దాయన అడుగుతాడు. మా ఊళ్లల్లో లేవు, కానీ గుంటూరు జిల్లా పల్లెలో చర్చికి వెళ్లే ఏ ముసలమ్మని అడిగినా ఒలీవల కొండ కథ చెబుతుంది అంటారు మీరు. ఆయనకి ఆ జవాబు నచ్చి, మధ్యాహ్నం దాకా పక్క మడిలో కనబడ్డ ప్రతివాడికీ చెబుతాడు.

కాళ్ల కింద ఎర్రమట్టి. ఎర్రమట్టి అనగానే లోతైన చేను అనుకోకండి. చాలాచోట్ల గునపం మూరెడు దిగేలోపే సున్నపురాయికి తగిలి ఖంగుమంటుంది. ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే మన అనంతపురానికి పడేంత. పైగా ఆ పడేదీ చాలావరకు చలికాలంలోనే. చెట్టుకి దాహం వేసే మే నుంచి ఆగస్టు దాకా ఆకాశం ముఖం చాటేస్తుంది. దీవి మొత్తం మీద ఒక్క నది లేదు. బోర్లు తోడి తోడి భూమిలోని నీళ్లు ఉప్పుబారాయి. ఇళ్లలో కొళాయి తిప్పితే వచ్చే నీళ్లలో సగానికి పైగా సముద్రం నీళ్లని శుద్ధిచేసి పంపినవే. ఇలాంటి నేలమీద నీటి కోసం మారాం చేయకుండా బతికే చెట్లు కొన్నే, వాటిలో ఉన్నాయి కేరబ్, ఒలీవ.

ఆ మూరెడు మట్టిని కొండమీద పట్టి ఉంచుతున్నది రాతి గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు. పెద్ద రాళ్లని రెండు వరసలుగా పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు కూరతారు. వాన పడితే నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి, మట్టి ఆగిపోతుంది. తొందరపడి సిమెంటు గోడ కట్టినవాళ్ల పొలాల్లో నీళ్లకి దారి లేక, ఒక్క పెద్ద వానకి గోడ కడుపు ఉబ్బి పగిలిపోతుంది. ఇలాంటి రాతి గోడలకి 1997 నుంచి చట్టరక్షణ ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన పేర్చే చేతులు పుట్టుకురావు. పెద్దాయన పొలంలోనే ఒకచోట నాలుగు బారల మేర గోడ కూలి, ఎర్రమట్టి నాలుక చాచినట్టు కింది మడిలోకి జారి ఉంది. దాన్ని నిలబెట్టగల మనిషి దొరకడానికి రెండు చలికాలాలు పట్టిందట. ఒలీవ తోటల గురించి పత్రికల్లో వచ్చే బొమ్మలన్నీ చెట్లవే. నన్నడిగితే ముందు ఆ గోడ బొమ్మ వెయ్యాలి.

ఒంటిగంటకి దువ్వెనలు పక్కన పడతాయి. కేరబ్ చెట్టు నీడలో కూతురు సంచీ విప్పుతుంది. గట్టి పెచ్చు, లోపల మెత్తన, పుల్లటి వాసన ఉన్న రొట్టె. దాన్ని అడ్డంగా కోసి, ఎండకి చిక్కబెట్టిన టమాటా ముద్ద ఎర్రగా రుద్ది, పైన నూనె పోస్తుంది. పోయడమంటే చుక్కలు కాదు, ధార. ఆ మీద ఉప్పులో ఊరిన కేపర్ మొగ్గలు, ట్యూనా చేప ముక్కలు, పచ్చి ఉల్లిపాయ, నాలుగు పుదీనా ఆకులు. హొబ్జ్ బిజ్జెయ్త్ అంటారు దీన్ని. బడికెళ్లే పిల్లల సంచీలోనూ ఇదే, సముద్రపు ఒడ్డున సెలవు గడిపేవాళ్ల డబ్బాలోనూ ఇదే. కొరికితే నూనె మణికట్టు దాకా కారుతుంది. ఎవరూ తుడుచుకోరు.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. ఈ రొట్టె దీవిని ఎన్నడూ వదల్లేదు. దానిమీద పోసే నూనె మాత్రం తరాలపాటు పరాయిది, ఓడలో దిగినది. పెద్దాయన తాత ఒలీవ కోయలేదు, బంగాళాదుంపలు తవ్వాడు. తండ్రి ఓడల మరమ్మతు రేవులో వెల్డింగు చేశాడు. పెద్దాయనా అక్కడే చేసి పదవీ విరమణ పొందాడు. చెట్టుకి కొమ్మలు ఎలా కత్తిరించాలో సిసిలీ వెళ్లి చూసి నేర్చుకున్నాడు. సంప్రదాయ ఒలీవ సాగు అని మనం పెద్ద పేరు పెడుతున్నాం కానీ, తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చిన విద్య ఇక్కడ దాదాపు లేదు. మధ్యలో తెగిపోయింది. తెగకుండా మిగిలినవి కొన్ని చెట్లు.

వాటిని చూడటానికి సాయంత్రం బిద్నీయ వెళతారు. కారు ఎడమ పక్కనే నడుస్తుంది మన దగ్గరలాగే. ఇక్కడా 1964 దాకా బ్రిటిషువాళ్లే. రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిన సందు, ఇరుపక్కలా నాగజెముడు కంచె, దాని కాయలు పండి ఎర్రగా ఉన్నాయి. దారి చివర ఒక పొలంలో ఉన్నాయవి. చెట్లంటే మనసులో మెదిలే ఆకారం వీటికి లేదు. కాండం చుట్టూ ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందదు. మధ్య భాగం కుళ్లి పోయి గుల్ల. చెక్క మెలి తిరిగి, కొన్నిచోట్ల రెండు మూడు చీలికలుగా విడిపోయి, దేనికదే వేరే చెట్టులా నిలబడింది. కాండం బోలులోకి తల పెడితే ఆకాశం కనిపిస్తుంది. అదే చెట్టు పైకొమ్మల్లో ఈ ఏటి కాయ, పొద్దున మీరు దువ్విన కాయే, ఊదారంగు తిరుగుతోంది.

రోమన్ల కాలం నాటివని ఇక్కడ అందరూ అంటారు. గుల్లబడ్డ చెట్టుకి వలయాలు లెక్కపెట్టి వయసు తేల్చడం కుదరదు, ఎందుకంటే అన్నిటికంటే పాత వలయాలే ముందు పోతాయి. ప్రభుత్వం 1933లోనే ఈ తోపుని పురావస్తువుల వరసలో చేర్చి రక్షణ ఇచ్చింది. ఒక చెట్టుకి పాత గుడితో, కోటగోడతో సమానమైన హోదా.

ఇవి ఇలా మిగిలితే మిగతావి ఏమయ్యాయన్న ప్రశ్న అక్కడ నిలబడ్డ ఎవరికైనా వస్తుంది. సెయింట్ జాన్ యోధుల సంఘం మాల్టాని పుచ్చుకునే ముందు, 1524లో ఒక బృందాన్ని పంపి దీవిని చూసి రమ్మంది. వాళ్లు రాసిన నివేదిక చదివితే గుండె జారుతుంది. దీవంతా మెత్తటి రాయి, దానిమీద పలచటి మట్టి. కట్టెలు ఎంత కరువంటే తూకానికి అమ్ముతారు. జనం ఎండబెట్టిన ఆవు పేడా, ముళ్లకంపా కాల్చి వండుకుంటారు. పత్తి, తేనె, జీలకర్ర అమ్మి తిండిగింజలు కొనుక్కుంటారు. పిడకలు ఎరిగిన మనకి ఈ వర్ణన బాగానే అర్థమవుతుంది. కట్టె తూకానికి అమ్ముడుపోయే చోట నిలువెత్తు చెట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? యోధులు 1530లో వచ్చారు, 1798 దాకా ఏలారు. వాళ్ల కాలంలో పత్తి నూలు దీవికి ప్రాణాధారమైంది, స్పెయిన్‌కి ఓడలకొద్దీ పోయేది. నాటిన ఏడే చేతికొచ్చే పత్తి ముందు, కాపుకి ఏళ్లు పట్టే ఒలీవ ఎలా నిలుస్తుంది? తర్వాత పత్తి కూడా పోయింది. ఆ మడుల్లోకి ఒలీవ వెంటనే తిరిగి రాలేదు.

తిరిగి తెచ్చినవాళ్లలో వర్దీయకి చెందిన సామ్ క్రెమోనా పేరు ఈ కొండమీద ఎవరైనా చెబుతారు. బిద్ని ముసలి చెట్ల సంతతిని పెంచి, మొక్కలుగా మళ్లీ పొలాల్లోకి పంపడానికి పట్టుబట్టిన మనిషి. ఒలీవకి విత్తనం నాటితే తల్లి గుణం రాదు. కొమ్మ ముక్కని వేరు పట్టించాలి, లేదా మరో ఒలీవ మొదలుకి అంటు కట్టాలి. అలా కట్టిన ప్రతి మొక్కా ఈ గుల్ల చెట్టులో ఒక భాగమే. నాటే ఊపు వచ్చాక అందరూ బిద్నినే పెట్టలేదు. నర్సరీల్లో సులువుగా దొరికిన ఫ్రాంతోయో, లెచ్చీనో, కరోలియా లాంటి ఇటలీ మొక్కలు ఓడల్లో దిగాయి. దేశవాళీ ఒలీవ పునరుద్ధరణ అని పేరు పడ్డ ఉద్యమంలో నాటినవి చాలావరకు పరదేశీ మొక్కలే. మాల్టా విశ్వవిద్యాలయంలో దేశవాళీ రకాలకి జన్యుపరీక్షలు చేసింది కూడా ఏది ఏదో తేల్చుకోడానికే. ఇంకో రకం ఉంది, పండితే నల్లబడకుండా దంతం రంగులో తెల్లగా మిగిలిపోయే కాయ. అలాంటి చెట్లు ఇక్కడ కొద్దిగానే మిగిలాయి. దాని అంటు కోసం రైతులు ఒకరినొకరు బతిమాలుకుంటారు.

2013 తర్వాత మొక్కల ఓడలంటే భయం కూడా తోడైంది. ఆ ఏడు ఇటలీ మడమ భాగంలోని పూలియాలో జైలెల్లా అనే బాక్టీరియా బయటపడింది. రసం పీల్చే ఒక చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. నీరు ఎక్కే నాళాలు మూసుకుపోయి కొమ్మలు ఎండిపోతాయి. లక్షలాది చెట్లు, వందల ఏళ్ల నాటివి, అక్కడ మోడులయ్యాయి. మందు లేదు. ఆ కబురు విన్నాక ఇంటి కొమ్మకే అంటు కట్టుకోవాలన్న మాటకి బలం వచ్చింది.

తిరుగుదారిలో, వర్దీయ కొండ అడుగున సాన్ పౌల్ మిల్ఈ. పైన 17వ శతాబ్దపు చర్చి, దాని చుట్టూ రోమన్ల నాటి వ్యవసాయ భవనం పునాదులు. 1960లలో ఇటలీ పురావస్తు బృందం తవ్వి తీసింది. పౌలుకి ఆతిథ్యమిచ్చిన పొప్లి ఇల్లు ఇదేనని ఊరి నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఇది నూనె గానుగల ఇల్లన్నది మాత్రం రాళ్లే చెబుతాయి. వంగి చూడండి: కాయ నలిపే గుండ్రటి తొట్టి, దాని మధ్యలో ఇరుసు నిలిపిన దిమ్మె, నలిగిన ముద్దని నొక్కే మాను కొస బిగించిన బరువు రాళ్లు, నూనె జారిన కాలువ, నీళ్ల మీద నూనె తేలేదాకా నిలవబెట్టిన తొట్లు. ఇంటి అవసరానికి ఇన్ని గానుగలు ఎవరూ పెట్టుకోరు. ఇక్కడ ఆడించింది అమ్ముకోడానికే.

చీకటి పడ్డాక గానుగ దగ్గరికి. ఇప్పటి గానుగలో రాయి లేదు, ఎద్దు లేదు. ఇటలీలో చేసిన స్టీలు యంత్రాల వరస. బయట కార్ల వరస. స్కూలు మాస్టారు, బస్సు డ్రైవరు, ఖరీదైన జీపులో వచ్చిన లాయరు, అందరి డిక్కీల్లోనూ ఎర్ర, నీలం ప్లాస్టిక్ క్రేట్లు. సంచుల్లో తెస్తే కాయ వేడెక్కి పులుస్తుంది, అందుకే గాలి ఆడే క్రేట్లు. కోసిన రోజే ఆడించాలన్న పంతం అందరిదీ. అందుకే అందరూ ఒకేసారి వస్తారు, అందుకే మీరు రెండు గంటలు నిలబడతారు.

తలుపు దగ్గరికి వచ్చేసరికి వాసన తగులుతుంది. కోసిన గడ్డి, పచ్చి టమాటా కాడ, ఎక్కడో కొంచెం ఘాటు. పెద్దాయన కాయలు 260 కిలోలు తూగాయి. తొట్టిలో పోయగానే గాలి ఆకుల్ని ఎగరగొడుతుంది, నీళ్లు దుమ్ము కడుగుతాయి, సుత్తులు గింజతో సహా నలగ్గొడతాయి. ఊదా పచ్చ ముద్ద పొడవాటి తొట్టిలో నెమ్మదిగా కలియబడుతుంది. ఇక్కడే నూనె బొట్లు ఒకదాన్నొకటి వెతుక్కుని కలుస్తాయి. వేడి 27 డిగ్రీలు దాటకూడదు. దాటితే నూనె కాస్త ఎక్కువ వస్తుంది, పరిమళం పోతుంది. పెద్దాయన ఆ వేడి చూపే అంకెల ముందు కదలకుండా నిలబడి ఉంటాడు. తర్వాత జోరుగా తిరిగే గొట్టం నీళ్లనీ పిప్పినీ నూనెనీ విడదీస్తుంది.

ఈలోగా వరసలో మాటలు. ఆ మాటలన్నీ తిరిగి తిరిగి భూమి దగ్గరికే వస్తాయి. 2021 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 1,600 మందికి పైగా తేలారు ఇక్కడ, ఐరోపా సమాఖ్యలో ఏ దేశమూ ఇంత కిక్కిరిసి లేదు. ఎటు చూసినా క్రేన్లు. హోటళ్లలో, ఆసుపత్రుల్లో, భోజనం పార్సిళ్ల స్కూటర్ల మీద మనదేశపు ముఖాలు ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి. వాళ్లందరికీ గదులు కావాలి. నలుగురు అన్నదమ్ముల మధ్య ముక్కలైన మడిలో ఒలీవ పెట్టమంటావా, అమ్మేయమంటావా అని మాస్టారు అడుగుతాడు. లాయరు నవ్వి ఊరుకుంటాడు. ఆయన వృత్తిలో జవాబు తెలిసిన ప్రశ్న అది.

గొట్టం చివర సన్నటి ధార కనబడగానే మాటలు ఆగిపోతాయి. బంగారు రంగు అనుకుని చూస్తే కాదు, చిక్కటి ఆకుపచ్చ, మబ్బుగా ఉంది. పెద్దాయన చిన్న ప్లాస్టిక్ గ్లాసు పట్టి, మొదట మీకే ఇస్తాడు. ముందు తీపి గడ్డి రుచి, ఆ వెనక చేదు. మింగాక ఒక క్షణం ఏమీ లేదు. అప్పుడు గొంతులో మంట లేచి దగ్గొస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టినంత పని చేస్తారు. ఓలియోకాంథాల్ అనే పదార్థం పెట్టే మంట అది, తాజా నూనె అనడానికి గుర్తు. దగ్గు రాకపోతే ఆ నూనె యజమాని చిన్నబుచ్చుకుంటాడు.

కొలత అయింది, 36 లీటర్లు. ముగ్గురి పగలంతా, ఒక ఏడాది కత్తిరింపులు, గోడ ఖర్చు, గానుగ కూలి కలిపి లెక్క వేయండి. పక్క వీధి దుకాణంలో దిగుమతి నూనె దొరికే ధరతో ఈ నూనె ఎన్నడూ పోటీ పడలేదు. మీరు పర్సు తీసి, రెండు సీసాలు కొంటానంటారు. పెద్దాయన స్టీలు క్యాన్ మూత బిగిస్తూ వేళ్లు ముడుస్తాడు. కూతురికి పది లీటర్లు. కొడుక్కి పది. ఆస్ట్రేలియాలో ఉన్న తమ్ముడికి ఎవరైనా వెళ్లేటప్పుడు నాలుగు. చర్చి ఫాదరుకి రెండు. గోడ నిలబెట్టినవాడికి రెండు, అది ఇవ్వకపోతే మళ్లీ గోడ కూలినప్పుడు రాడు. మిగిలిన ఎనిమిది ఇంట్లో ముసలిదంపతులకి ఏడాదికి చాలవు.

"అమ్మడానికి లేదండీ," అంటాడు. "కోతకి రండి, కూలి కింద ఒక సీసా ఇస్తాను. వచ్చే ఏడు వద్దు, ఇంత కాసిన చెట్టు మళ్లీ ఏడు సెలవు పెడుతుంది. ఆ పై ఏడు రండి."